టీ తాగడంతో పాటు దాని గురించి చదవాలనుంది, ఏం చదవాలి?

కావలి పాఠకుడు:
మాది కావలి. పొద్దున స్టేషన్ పక్కన కొట్టులో ఒక టీ, సాయంత్రం ఇంట్లో అమ్మ పెట్టే అల్లం టీ, ఇవి లేకపోతే నాకు రోజు గడవదు. బ్లాక్ టీ, గ్రీన్ టీ ఒకే మొక్క నుంచి వస్తాయని, తేడా అంతా కోసిన తర్వాత ఆకును ఏం చేస్తారన్న దాంట్లోనే ఉందని ఈమధ్య తెలిసింది, అప్పట్నుంచి టీ మీద ఏది దొరికినా వదలడం లేదు. చదివాక రుచి కూడా ఇంకాస్త తెలుస్తోంది, నిజంగా. కానీ కొందరు పాలు, పంచదార పడితే అది టీయే కాదన్నట్టు రాస్తారు. మీరేమంటారు?

ఒంగోలు టీచర్:
లూ యూతో మొదలుపెట్టండి. 8వ శతాబ్దపు చైనా మనిషి, టీ గురించే పుస్తకం రాశాడు. కొండల్లో పారే నీళ్లు మంచివి, బావి నీళ్లు ఆఖర్న అంటాడు. నీళ్లలో చేపకళ్లంత బుడగలు లేచినప్పుడు మొదటి మరుగు అంటాడు, అంత దగ్గరగా చూశాడు పొయ్యిని. అల్లం, ఉల్లికాడలు, పుదీనా వేసి కాచేవాళ్ల మీద మాత్రం కోపం, అది కాలవలో పారబోసే నీళ్లన్నాడు. అంటే అల్లం వేసుకునేవాళ్లు అప్పటికే ఉన్నారన్నమాట! ఆయన వేసుకున్నది ఉప్పు. ఇక 1946లో ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ టీ మీద రాసిన వ్యాసంలో 11 నియమాలున్నాయి, అందులో పంచదార వద్దంటాడు గానీ పాలు పోయమంటాడు. కాబట్టి అమ్మ పెట్టే టీని ఎవరి కోసమూ మార్చుకోవద్దు.

నెల్లూరు తమ్ముడు:
మా నాన్నది ట్రంకు రోడ్డులో టీ కొట్టు అన్నా. మనం వాడే పొడి ఎక్కువగా సీటీసీ, పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చించి, చుట్టి గుళికలు చేస్తారు. ఆ మిషను 1930ల్లో అస్సాంలో వచ్చింది. చిన్న గుళిక కాబట్టి డికాషన్ త్వరగా, చిక్కగా దిగుతుంది, బర్రె పాలు పోసినా టీ రుచి నిలబడుతుంది. పాలల్లో ఉండే ప్రొటీన్ వగరును పట్టేసుకుంటుంది. నాన్న డికాషన్ ముదురు ఎరుపుకి తిరిగాకే పాలు పోస్తాడు, పొంగు పైకొచ్చినప్పుడల్లా గరిటెతో ఎత్తిపోసి మూడో పొంగుకి దించుతాడు. ఈ పనితనం మీద తెలుగులో ఎవరైనా రాస్తే ముందు కొనేది నేనే.

దర్శి నుంచి:
వాసన, రుచి గురించి చదివి ఆగిపోతే సగమే చదివినట్టు. 1937లో వచ్చిన ముల్క్ రాజ్ ఆనంద్ నవల 'టూ లీవ్స్ అండ్ ఎ బడ్' (రెండాకులు, ఒక మొగ్గ) చదవండి, అస్సాం తోటకి కూలీగా పోయిన పంజాబీ రైతు గంగు కథ. అప్పటి మన గంజాం (ఇప్పుడు ఒడిశాలో ఉంది), విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా ఎంతోమందిని ఆ తోటలకి తోలుకుపోయారు, వాళ్ల వారసులు ఇంకా అక్కడున్నారు. అది చదివాక రెండాకులు, ఒక మొగ్గ అన్న మాట ఎక్కడ కనబడినా నాకు ముందు ఆకు కోసే ఆడవాళ్లే గుర్తొస్తారు.

కావలి పాఠకుడు:
అయితే ముందు నవల, తర్వాత లూ యూ. టీచర్ గారూ, డార్జిలింగ్ ఆకు ఒక ప్యాకెట్ తెప్పించాను, ఎలా పెట్టుకోవాలి?

ఒంగోలు టీచర్:
పొయ్యి మీద మరిగించొద్దు, వాసన పోతుంది. కాగిన నీళ్లు ఆకు మీద పోసి, మూతపెట్టి, మూడు నిమిషాలకి వడగట్టి, ముందు పాలు లేకుండా రెండు గుక్కలు తాగి చూడండి. మార్చి, ఏప్రిల్ కోతైతే రంగు లేతగానే ఉంటుంది, దిగలేదేమో అని ఇంకా ఉంచితే చేదెక్కుతుంది.