రాజీవ్ యువ వికాసం సొమ్ము యూనిట్లకు పోవాలా, అప్రెంటిస్‌షిప్‌కు పోవాలా?

పాత ఫిట్టర్, జీడిమెట్ల

తెలంగాణ ప్రభుత్వం 2025 మార్చిలో రాజీవ్ యువ వికాసం పథకాన్ని ప్రకటించినప్పుడు 5 లక్షల మంది నిరుద్యోగుల స్వయం ఉపాధికి 6,000 కోట్ల రూపాయలు కేటాయిస్తామని చెప్పింది. 50,000 రూపాయల లోపు యూనిట్‌కు, అంటే సొంతంగా పెట్టుకునే చిన్న వ్యాపారానికి, పూర్తి రాయితీ, లక్ష వరకు 90 శాతం, 2 లక్షల వరకు 80 శాతం, 4 లక్షల వరకు 70 శాతం, మిగిలింది బ్యాంకు అప్పు. దరఖాస్తులు 16 లక్షలు దాటాయి. జూన్ 2న ఇవ్వాలనుకున్న మంజూరు పత్రాలు వాయిదా పడ్డాయి. ఈ వాయిదా సమయంలోనైనా, ఈ సొమ్ము ఏ దారిన పోతే యువకుడికి పని దొరుకుతుందో మనం ఆలోచించాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

6,000 కోట్లను 5 లక్షల మందికి పంచితే తలకు లక్షా ఇరవై వేలు. అంటే నెలకు 10,000 చొప్పున సరిగ్గా ఒక సంవత్సరం స్టైపెండు. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివి, అప్రెంటిస్‌గా ఒక ఫ్యాక్టరీలో అడుగుపెట్టి, సూపర్‌వైజర్‌గా విరమించిన వాడిని. ఐటీఐ నుంచి వచ్చిన కుర్రాడికి మైక్రోమీటరు పట్టుకోవడం, డ్రాయింగు చదవడం వస్తాయి. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రతి పీసునూ ఒకే కొలతలో తీయడం, టూలు అరిగిపోతున్నదని మిషను శబ్దాన్ని బట్టి పసిగట్టడం, డై అమర్చేటప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలుసుకోవడం షాపులో సీనియరు పక్కన నిలబడితేనే అబ్బుతాయి. కేంద్రం 2016లో తెచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండులో పాతిక శాతం, అదీ నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తున్నది. ఆ 1,500 పక్కన మన రాష్ట్రం 10,000 పెట్టగలిగితే జిల్లాల నుంచి వచ్చే పిల్లలు ఈ నగరంలో ఒక ఏడాది నిలబడి పని నేర్చుకోగలుగుతారు. కాబట్టి యూనిట్ల రాయితీని తగ్గించి అప్రెంటిస్‌షిప్‌కు మళ్ళించాలని నా అభిప్రాయం.

కుట్టుపని, ఉప్పుగూడ

ఫిట్టర్ అన్నగారికి నమస్కారం. మీ లెక్క సరైనదే కావచ్చు, కానీ ఆ లెక్కలో నాలాంటి వాళ్ళు లేరు. నాకు 37 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. పొద్దున వంట చేసి పిల్లలను బడికి పంపి, మళ్ళీ వాళ్ళు వచ్చే వేళకు ఇంట్లో ఉండాల్సిన మనిషిని ఏ ఫ్యాక్టరీ అప్రెంటిస్‌గా తీసుకుంటుంది? కేంద్రం 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 ఇస్తామన్నారు గాని, వయసు 21 నుంచి 24 లోపు ఉండాలన్నారు. ఆ వయసులో నేను చంటిపిల్లను ఎత్తుకుని ఉన్నాను. రాజీవ్ యువ వికాసంలో వ్యవసాయేతర యూనిట్లకు 55 ఏళ్ళ వరకు అవకాశం ఇచ్చారు. మాకు తలుపు తెరిచిన పథకం అది.

పని నేర్చుకోవాలన్న మాట మాకూ తెలుసు. జంట నగరాల్లో ఉపాధి కోసం 1978లో ఏర్పడిన సెట్విన్ సంస్థలో ఎన్నో ఏళ్ళుగా ఆడవాళ్ళు కుట్టు నేర్చుకుంటున్నారు. నేర్చుకుని ఇంటికి వచ్చాక మిషను ఉండదు. నాకు పని వచ్చు, బ్లౌజులకు గిరాకీ ఉంది, మగ్గం వర్కు అడిగేవాళ్ళూ ఉన్నారు. కానీ బట్ట అంచులు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేయించడానికి ప్రతిసారీ బట్టలు మూటగట్టుకుని వేరే షాపుకు వెళ్ళి, నా కూలిలో కొంత అక్కడ ఇచ్చి వస్తున్నాను. 50,000 రూపాయల యూనిట్ వస్తే ఆ కూలి నా ఇంట్లోనే మిగులుతుంది. దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్న ఆ 16 లక్షల మందిలో నేనూ ఒకతెను.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వనస్థలిపురం

రాయితీ రుణాలు మంజూరు చేసే బల్ల వెనుక నేను చాలా సంవత్సరాలు కూర్చున్నాను కాబట్టి ఆ వైపు నుంచి కనిపించినది చెబుతాను. ఒకే పేటలో పదుల సంఖ్యలో దరఖాస్తులు ఒకే యూనిట్‌కు వచ్చేవి. ఒక ఏడాది అందరికీ జిరాక్స్ సెంటరు కావాలి, మరో ఏడాది అందరికీ టెంట్ హౌసు కావాలి. ఎవరో ఒకరికి గిట్టిందని విని మిగిలినవారు అదే రాసేవారు. డీలరు ఇచ్చిన కొటేషను మీద సొమ్ము డీలరు ఖాతాకు పోయేది, మిషను మాత్రం లబ్ధిదారుడి ఇంటికి చేరేది కాదు. ఇద్దరూ రాయితీని పంచుకున్న సందర్భాలను తనిఖీలో నేనే చూశాను. ఆ తరువాత బ్యాంకు వాటా వాయిదాలు ఆగిపోయేవి, అప్పు తీర్చిన తీరును చూపే ఆ యువకుడి సిబిల్ స్కోరు పడిపోయేది, మూడేళ్ళకు అతడే నిజంగా వ్యాపారం పెట్టుకుందామని ముద్ర రుణానికి వస్తే మేము తిప్పి పంపవలసి వచ్చేది. ఆ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. రాయితీ ఆ పిల్లలకు మేలు చేయకపోగా వారి తరువాతి దారిని కూడా మూసివేసింది.

నిలబడిన యూనిట్లూ ఉన్నాయి, వాటిలో నాకు ఒక పోలిక కనిపించింది. ఏసీ మెకానిక్ దగ్గర మూడేళ్ళు పనిచేసి సొంతంగా పెట్టుకున్నవాడు, బేకరీలో పనిచేసి బేకరీ పెట్టుకున్నవాడు దాదాపుగా వాయిదా తప్పలేదు. సరుకు ఎక్కడ చవకో, అరువు ఎవరికి ఇవ్వకూడదో వాళ్ళకు ముందే తెలుసు. అందుచేత ఉప్పుగూడ సోదరి వంటి వారికి ఇప్పుడే యూనిట్ ఇవ్వాలి, పని ఎరుగని 22 ఏళ్ళ యువకుడికి మాత్రం ముందు ఎవరిదగ్గరైనా జీతానికి రెండేళ్ళు పనిచేసిన రుజువు అడగాలి. దరఖాస్తులో కుల, ఆదాయ ధ్రువపత్రాలను అడిగినట్టే పని అనుభవాన్ని కూడా అడిగితే సగం తప్పులు అక్కడే ఆగుతాయి.

అశోక్‌నగర్ స్టడీ హాల్

బ్యాంకు సార్ చెప్పిన రెండేళ్ళ జీతపు పని ఎక్కడ ఉన్నదన్నదే మా ప్రశ్న. నేను డిగ్రీ పూర్తిచేసి గ్రూప్-1కు సిద్ధమవుతున్నాను. 2022 అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం లీకై 2023 మార్చిలో రద్దయింది, 2023 జూన్‌లో మళ్ళీ రాసినదాన్ని హైకోర్టు రద్దుచేసింది, 2024 జూన్‌లో మూడోసారి రాశాం. ఈ మధ్య కాలమంతా హాస్టలుకు, మెస్సుకు, స్టడీ హాలుకు ఇంటినుంచి డబ్బు తెప్పించుకున్నవాళ్ళం మేము. 2018 ఎన్నికల్లో టీఆర్‌ఎస్ నెలకు 3,016 రూపాయల నిరుద్యోగ భృతి అన్నది, 2023 యూత్ డిక్లరేషన్‌లో కాంగ్రెస్ 4,000 అన్నది. వాగ్దానం చేసినవాళ్ళు మారారు గాని మాకు నెలనెలా ఏదీ అందలేదు.

ఫిట్టర్ గారు అప్రెంటిస్‌షిప్‌ను ఎంతో గౌరవంతో చెప్పారు, ఆయన కాలంలో అది అలాగే ఉండి ఉంటుంది. కానీ 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాడు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యత యజమానికి లేదు, 2014 సవరణ ఆ నిర్ణయాన్ని యజమాని సొంత విధానానికే వదిలింది. పట్టభద్రుడికి 2019 నిబంధనల్లో పెట్టిన కనీస స్టైపెండు 9,000 రూపాయలు. ఆ సొమ్ముతో ఏడాది పని చేయించుకుని పంపించి, మరుసటి ఏడాది కొత్త జట్టును తెచ్చుకునే సంస్థకు ప్రభుత్వ సొమ్ము తోడైతే, పర్మినెంటు ఉద్యోగం ఇవ్వవలసిన చోట కూడా అప్రెంటిస్‌నే పెడతారు. దీనికి జవాబు చెప్పకుండా 6,000 కోట్లను అటు మళ్ళించవద్దు.

పాత ఫిట్టర్, జీడిమెట్ల

తమ్ముడు అడిగినది న్యాయమైన ప్రశ్న. నేను పనిచేసిన చోటే ఇద్దరు అప్రెంటిస్‌లను ఆరు నెలలు లోడింగుకు, ఊడ్చే పనికి వాడుకున్నారు. నేను యాజమాన్యంతో గొడవపడితే తప్ప వాళ్ళు లేతు మిషను దగ్గరికి రాలేదు. 30 మంది లేక అంతకంటే ఎక్కువ పనివాళ్ళున్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం చెబుతుంది, కానీ వాళ్ళు ఏం నేర్చుకుంటున్నారో షాపులోకి వచ్చి చూసేవారు అరుదు. అందుకని రాష్ట్రం ఇచ్చే సొమ్ము సంస్థ చేతికి పోకూడదు, నేరుగా అప్రెంటిస్ ఖాతాలో పడాలి. మూడు నెలలకొకసారి ఐటీఐ ఇన్‌స్ట్రక్టరు వచ్చి అతడిచేత ఒక పీసు చేయించి చూడాలి. గత ఏడాది జట్టులో కనీసం మూడో వంతును ఉద్యోగంలోకి తీసుకోని సంస్థకు మరుసటి ఏడాది ఈ పిల్లలను ఇవ్వకూడదు. 65 ఐటీఐలను 2,324 కోట్లతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లిలోనే శంకుస్థాపన చేశారు. కొత్త మిషన్ల మీద నేర్చుకున్న పిల్లలు బయటికి వచ్చేసరికి ఈ ఏర్పాటు లేకపోతే వాళ్ళూ లోడింగుకే పోతారు.

చెల్లెమ్మ విషయంలో నా మొదటి మాటను వెనక్కి తీసుకుంటున్నాను. పని వచ్చినవారికి మిషను ఇవ్వడమే సబబు. చట్టం నలుగురు పనిచేసే చోట కూడా, ఇష్టముంటే, అప్రెంటిస్‌ను పెట్టుకోనిస్తుంది. మీ దగ్గరే ఒక ఆడపిల్ల స్టైపెండుతో నేర్చుకునే వీలు ఉన్నదేమో చూడండి.

కుట్టుపని, ఉప్పుగూడ

నేర్చుకుంటామని అడిగే ఆడపిల్లలు మా గల్లీలోనే ఉన్నారు అన్నగారూ. కానీ మేము ఇప్పుడు ముగ్గురమే కుడుతున్నాం, నాలుగో మనిషికి కూలి ఇచ్చే శక్తి మాకు లేదు. ఓవర్‌లాక్ మిషను ఇంటికి వస్తే బయట ఇచ్చే డబ్బుతో ఆ నాలుగో మనిషిని పెట్టుకోగలం, ఆ తరువాత మీరు చెప్పిన అప్రెంటిస్‌ను అడగగలం. కాబట్టి మళ్ళించేది ఏదైనా 4 లక్షల యూనిట్ల నుంచి మళ్ళించండి, 50,000 యూనిట్ల జోలికి మాత్రం రాకండి.