కరెంటు చైన్ సా కొత్తవాళ్ళ చేతికి ఇవ్వొచ్చా?

పెరటిమనిషి:
మొన్నటి గాలికి పెరట్లో పెద్ద కొమ్మ ఒకటి విరిగి నేలమీద పడింది. మొదలు దగ్గర తొడంత లావుంది. దాని పైన ఇంకో కొమ్మ సగం విరిగి బెరడు పట్టుకుని వేలాడుతోంది. 35 సెంటీమీటర్ల బార్ (గొలుసు చుట్టూ తిరిగే పట్టీ) ఉన్న బ్యాటరీ చైన్ సా ఒకటి కొందామని చూస్తున్నాను. ఇంతవరకూ చైన్ సా ముట్టుకున్నవాణ్ణి కాదు. మా బావమరిదేమో "పెట్రోలుదైతే నేనే వద్దంటాను, కరెంటుదే కదా బావా, డ్రిల్లు వాడినట్టు వాడేయడమే" అంటున్నాడు. మా అన్నయ్య కొన్నాళ్ళు పెట్రోలు రంపంతో పనిచేసినవాడు. ఆయన "దానికన్నా దీనికే ఎక్కువ భయపడాలిరా" అంటున్నాడు. ఇద్దరూ పట్టు వదలడం లేదు. వాడినవాళ్ళు చెప్పండి, ఎవరి మాట వినను?

తోటపని:
మీ బావమరిది మాట. నేను రెండూ వాడాను. పెట్రోలు రంపం స్టార్ట్ చేయడానికి తాడు లాగి లాగి భుజం పడిపోయేది. పొగ, వేడి సైలెన్సరు, పెట్రోలు ఒలకడం, ఇవన్నీ ప్రమాదాలే కదా. కరెంటుదానికి అవేవీ లేవు. గొలుసు వేగం కూడా తక్కువ. ఇంట్లో వాడేవాటిలో చాలావరకు సెకనుకు 10 నుంచి 15 మీటర్లు, పెట్రోలువైతే 20 దాటుతాయి. ట్రిగ్గర్ వదిలితే గొలుసు వెంటనే ఆగుతుంది. కొత్తవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

మొండిగొడ్డలి:
చేతిరంపం. అరగంట చెమట. వేళ్ళు పదీ ఉంటాయి.

పాతరంపం:
తోటపని గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ అన్నయ్య దేనికి భయపడుతున్నాడో అది మీరు చెప్పలేదు.

పెట్రోలు రంపం తనంతట తాను భయపెడుతుంది. ఆన్‌లో ఉన్నంతసేపూ గుర్రుగుర్రుమంటూనే ఉంటుంది. పక్కన పిల్లాడున్నా, మాటల్లో పడ్డా అది ఆన్‌లో ఉందని మర్చిపోలేం. కరెంటుది అలా కాదు. చేతిలో చచ్చినట్టు పడి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కిన క్షణమే పూర్తి బలంతో లేస్తుంది, ఎందుకంటే మోటారుకు ఇంజనులా రేసు అందుకునేదాకా ఆగే పనిలేదు. రెండు కోతల మధ్య చెమట తుడుచుకుంటున్నప్పుడు చేతిలో ఉన్నది రంపమన్న సంగతే మనసుకు తట్టదు. నా లెక్కలో దాని ప్రమాదమంతా ఆ సాధుతనంలోనే ఉంది.

ఇక వేగం సంగతి. 35 సెంటీమీటర్ల బార్ మీద గొలుసు చుట్టుకొలత దాదాపు మీటరు, పళ్ళు పాతిక దాకా ఉంటాయి. సెకనుకు 12 మీటర్లే అనుకోండి. అంటే సెకనులో దాదాపు పన్నెండు చుట్లు, మూడు వందల పళ్ళు. మన వేలికి 12 మీటర్లకీ 20 మీటర్లకీ తేడా తెలుస్తుందా?

అసలు ముప్పు వెనక్కి తన్నడం. బార్ ముక్కు మీకు కుడివైపు ఉండేలా పక్కనుంచి చూడండి. ఆ గుండ్రటి ముక్కును గడియారం అనుకుంటే 12కీ 3కీ మధ్య ఉన్న భాగం ఏ కర్రకైనా తగిలిందా, గొలుసు అక్కడ పట్టుకుని బార్ మొత్తాన్ని పైకి లేపి మొహం మీదికి విసురుతుంది. రెప్ప వేసేలోపు అయిపోతుంది. ఒకసారి నేలమీద పడ్డ కొమ్మే కోస్తున్నాను, చూపంతా కోత మీదే ఉంది. ముక్కు అవతల ఆకుల చాటున ఇంకో రెమ్మ ఉందని చూసుకోలేదు. టక్‌మంది. తేరుకునేసరికి బార్ నా టోపీ అంచుకి జానెడు దూరంలో ఉంది, గొలుసు ఆగిపోయి ఉంది. ముందు పిడికి ఎదురుగా నిలబడి ఉండే ప్లాస్టిక్ రెక్క ముందుకు వాలి బ్రేక్ పడింది, అందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాను. అది బ్యాటరీ రంపమే.

తోటపని:
మీ మొహాన్ని కాపాడిన బ్రేక్ ఆ కరెంటు రంపంలోనే ఉంది కదండీ! పైగా ట్రిగ్గర్ నొక్కాలంటే ముందు పక్కనున్న లాక్ బటన్ కూడా నొక్కాలి. పొరపాటున వేలు తగిలితే తిరిగే వస్తువు కాదు. ఆకుల చాటు రెమ్మను చూసుకోకపోవడం మనిషి తప్పు, దాన్ని మోటారు మీదికి తోస్తే ఎలా?

పాతరంపం:
మనిషి తప్పే. కొత్తమనిషి చేతికి ఇవ్వొచ్చా అన్నదే ఇక్కడ ప్రశ్న, కాబట్టి మనిషి తప్పులన్నీ లెక్కలోకి వస్తాయి.

రెక్కరాజు:
ఆ రెక్క అన్ని రంపాలకీ ఉంటుందనుకుని మోసపోకండి. కొన్నిట్లో అది ఊరికే చేతికి అడ్డం, దాని వెనక బ్రేక్ ఉండదు. వదిలితే ఆగడం వేరు, తన్నినప్పుడు ఆగడం వేరు. కొనేముందు గొలుసు తిప్పుతూ ఎడమ మణికట్టుతో రెక్కను ముందుకు తోసి చూపించమనండి. టప్‌మని ఆగాలి.

ఆకురాయి:
అన్నీ చర్చించారు గానీ పదును మాట ఎవరూ ఎత్తలేదేం? మొద్దుబారిన గొలుసుతో జనం రంపాన్ని బలం పెట్టి నొక్కుతారు, కోత తెగగానే ఆ బలమంతా కాలి మీదికి పోతుంది. గుర్తు తేలిక. పదునుంటే పేళ్ళు పేళ్ళుగా రాలుతుంది. పిండిలా పొట్టు రాలుతుంటే ఆపి ఆకురాయి పట్టాల్సిందే. ఆకురాయి పడుతూ పంటి ముందుండే చిన్న మెట్టును కూడా ఇష్టమొచ్చినట్టు అరగదీసేవాళ్ళున్నారు. ఆ మెట్టే పన్ను ఎంత లోతుకు కొరకాలో నిలబెడుతుంది. ఎక్కువ అరిగితే కోత గబగబా సాగుతుంది, తన్ను కూడా అంతే గట్టిగా వస్తుంది.

వైర్లబాబు:
మీరంతా బ్యాటరీదే మాట్లాడుతున్నారు. వైరు రంపం కొనేవాళ్ళ సంగతేంటి? 2000 వాట్ల రంపం 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దీపాలకు వాడే సన్న ఎక్స్‌టెన్షన్ వేస్తే వోల్టేజీ పడిపోయి మోటారు మూలుగుతుంది, వైరు వేడెక్కుతుంది. రీలుకు చుట్టి ఉన్న వైరైతే లోపలి చుట్లు ఇంకా వేడెక్కుతాయి, మొత్తం విప్పేసి వాడాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే బ్రేకర్) లేని ప్లగ్గులో నేనైతే పెట్టను. తడి గడ్డి మీద నిలబడి సొంత వైరునే కోసుకున్నవాణ్ణి కళ్ళారా చూశాను. ఆ బ్రేకర్ పడబట్టి నవ్వులాటగా ముగిసింది. వైరు ఎప్పుడూ మన వెనక, కుడి భుజం వైపు నుంచి రావాలి. కోసే చోటికి ముందు ఉండకూడదు.

తోటపని:
అందుకే బ్యాటరీది తీసుకోమన్నాను. తెగడానికి వైరే ఉండదు.

వైర్లబాబు:
వైరుంటే గొలుసు ముట్టుకునే ముందు ప్లగ్గు పీకాలని ఎవరికైనా తోస్తుంది. బ్యాటరీ పీకాలని తోస్తోందా? మీరు నిజం చెప్పండి.

తోటపని:
సరే, చెబుతాను. పోయినసారి పక్కమూతలో పొట్టు ఇరుక్కుంది. చేతి తొడుగు వేసుకునే ఉన్నాను, పుల్లతో గీకుతూ రంపాన్ని ఒడిలోకి లాక్కున్నాను. బటన్, ట్రిగ్గర్ రెండూ అరచేతి కింద పడ్డాయి. గొలుసు జరిగింది జానెడే. తొడుగు చూపుడువేలు కొసన చీలింది, లోపల గోరు మీద గీత పడింది. రెండూ ఒకేసారి నొక్కుకుపోవడం జరగని పని అని పైన రాసినవాణ్ణి నేనే కాబట్టి ఇది కూడా నేనే రాయాలి. అయినా నా మాట మారలేదు. పెట్రోలుదానికంటే ఇదే నయం, బ్యాటరీ పీకితే.

మొండిగొడ్డలి:
చేతిరంపానికి పీకాల్సిందేమీ ఉండదు.

రెక్కరాజు:
చేతిరంపం అన్నగారూ, తొడంత కొమ్మను పదహారు ముక్కలు చేసి చూపించండి, మీ పక్షం మారిపోతాం.

పాతరంపం:
కరెంటుది బొమ్మ, పెట్రోలుది అసలు యంత్రం అనే మాట ఈ చర్చల్లో ఎప్పుడూ వస్తుంది. జర్మనీలో ష్టీల్ రంపాల కంపెనీ పెట్టిన ఆంద్రెయాస్ ష్టీల్ 1926లో మొదట చేసింది కరెంటు రంపాన్నే, పెట్రోలుది 1929లో వచ్చింది. అన్నయ్య దాన్ని తక్కువ చేయట్లేదు, బావమరిదే తక్కువ చేస్తున్నాడు.

పొడుగుచెయ్యి:
ఒంటిచేత్తో పట్టుకునే బుల్లి చైన్ సాలు వస్తున్నాయి కదా, జానెడు బార్‌వి. కొత్తవాళ్ళకి అవి మేలేమో?

పాతరంపం:
నన్నడిగితే అవే అన్నిటికన్నా చెడ్డవి. ఒక చేత్తో రంపం పట్టుకుంటే రెండో చెయ్యి ఊరుకోదు, కోసే కొమ్మను పట్టుకోవడానికి పోతుంది. గొలుసు కొమ్మ దాటగానే ఎదురయ్యేది ఆ చెయ్యే. పెద్ద రంపానికి రెండు పిడులు పెట్టింది బరువు మోయడానికొక్కటే కాదు. రెండు చేతులూ పిడుల మీద ఉన్నంతసేపు అవి గొలుసు దగ్గరికి వెళ్ళలేవు. ఎడమచేతి బొటనవేలు ముందు పిడిని చుట్టి పట్టుకోవాలి, పైన ఊరికే ఆనించకూడదు. ఎడమచేతివాటం వాళ్ళయినా సరే, కుడిచెయ్యి వెనక, ఎడమచెయ్యి ముందు.

పొడుగుచెయ్యి:
నేను మూడేళ్ళుగా వాడుతున్నాను, ఏమీ కాలేదు. వేలంత రెమ్మలకి అంత పెద్ద రంపం ఎవరు ఎత్తుతారు?

మొండిగొడ్డలి:
వేలంత రెమ్మలకి కత్తెర.

ఆకురాయి:
ఈ ఒక్క దాంట్లో మొండిగొడ్డలితో కలుస్తాను.

పెరటిమనిషి:
అందరికీ దండాలు. రంపం ప్యాంటు కూడా కొనాలా? అది వేసుకుంటే కాలికి ఏమీ కాదంటున్నారు.

ఆకురాయి:
కొనండి, కానీ "ఏమీ కాదు" అనుకోకండి. దాని లోపల పొడవాటి పోగులు పొరలుపొరలుగా ఉంటాయి. గొలుసు తగిలితే ఆ పోగులు బయటికి లాక్కొచ్చి గొలుసును తిప్పే పళ్ళచక్రానికి చుట్టుకుని ఆపేస్తాయి. క్లాసులుంటాయి: 0 అంటే సెకనుకు 16 మీటర్ల గొలుసు వేగానికి పరీక్షించింది, 1కి 20, 2కి 24, 3కి 28. లెక్కప్రకారం మీ రంపానికి 0 క్లాసు చాలాలి. మెలిక ఏమిటంటే పెట్రోలు రంపంలో పోగులు చుట్టుకోగానే క్లచ్ జారిపోతుంది. కరెంటు మోటారుకు వేగం పడిపోయినా తిప్పే బలం పడిపోదు. అందుకని క్లాసు 1 తీసుకుని, అది లేనట్టే జాగ్రత్తగా ఉండండి. కళ్ళద్దాలు తప్పనిసరి. చెవులకు కూడా మూతలు పెట్టుకోండి. పెట్రోలుదాని కన్నా చప్పుడు తక్కువే గానీ చెవికి అది తక్కువేం కాదు.

పెరటిమనిషి:
వేలాడే కొమ్మ సంగతి? నిచ్చెన వేసుకుని ఒక్క కోత కోస్తే పడిపోయేలా ఉంది.

పాతరంపం:
దాని జోలికి మీరు వెళ్ళొద్దు. ఇక్కడ వాదన లేదు. నిచ్చెన మీద రెండు చేతులూ రంపానికిస్తే మిమ్మల్ని పట్టుకునేది ఎవరు? భుజాల కన్నా పైకి రంపం ఎత్తితే తన్నినప్పుడు ఆపడానికి చేతుల్లో బలం ఉండదు. పైగా సగం విరిగిన కొమ్మ మెలితిరిగి ఉంటుంది. ఏ పక్క సాగి ఉందో ఏ పక్క నలిగి ఉందో కిందనుంచి కనిపించదు. కోయగానే ఎటు కొడుతుందో దానికే తెలియాలి.

నేలమీది కొమ్మకు కూడా ఇదే చూసుకోవాలి. రెండు కొసలూ ఆని నడుమ వంగి ఉంటే పైభాగం నలిగి ఉన్నట్టు, కిందిభాగం సాగి ఉన్నట్టు. ముందు పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కిందనుంచి పైకి రావాలి. మొత్తం పైనుంచే కోస్తే కోత మూసుకుని బార్‌ను కరుచుకుంటుంది. కిందనుంచి కోసేటప్పుడు బార్ పైఅంచు పనిచేస్తుంది కాబట్టి రంపం మిమ్మల్ని వెనక్కి నెడుతుంది. కొత్తవాళ్ళు అక్కడే కంగారుపడతారు. అది తన్నడం కాదు, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి కోతగీతకు ఎడమపక్కకు నిలబడితే సరిపోతుంది.

తోటపని:
వేలాడే కొమ్మ విషయంలో నేనూ పాతరంపం గారి పక్షమే. బావమరిదికి చెప్పకండి.

పెరటిమనిషి:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. వేలాడే కొమ్మకు పని తెలిసినవాళ్ళను పిలిచాను. తాళ్ళు కట్టి దించారు. నేను నిచ్చెన వేద్దామనుకున్న వైపే తిరిగి పడింది. ఆ చోటు ఇప్పటికీ రోజూ చూస్తున్నాను.

నేలమీదిది నేనే కోశాను. మొదటి మూడు కోతలకు చెమటలు పట్టాయి. నాలుగోదానికి ధైర్యం వచ్చింది, అయిదోదానికి ధైర్యం ఎక్కువైంది. చెవుల మీద మూతలుండగానే మా ఆవిడతో మాట్లాడుతూ రంపం ఆమె వైపు తిప్పాను. ఆన్‌లో లేదు, వేలు మాత్రం ట్రిగ్గర్ మీదే ఉంది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. పాతరంపం గారు అన్న సాధుతనం ఏమిటో అప్పుడు అర్థమైంది. అక్కణ్ణుంచి ప్రతి కోతకూ రెక్క ముందుకు తోసి, ఆ తర్వాతే తల తిప్పాను.

కొత్త గొలుసు అరగంటకే సాగి బార్ కింద వేలాడింది. బ్యాటరీ తీసి బిగించాను. మధ్యాహ్నం బావమరిది వచ్చి "ఏదీ ఇటివ్వు బావా" అని ఒంటిచేత్తో ఎత్తి ట్రిగ్గర్ నొక్కాడు. తిరగలేదు. బ్యాటరీ నా జేబులో ఉంది.

ఆకురాయి:
శభాష్. పని అయ్యాక గొలుసు వదులు చేశారా? వేడి మీద బిగించింది చల్లారితే కుంచించుకుపోయి బార్‌ను పట్టేస్తుంది.

పెరటిమనిషి:
లేదండీ. ఇప్పుడే వెళ్తున్నా.