డయానా టరాసి 2015 సీజన్ ఎందుకు ఆడలేదు?

ప్రశ్న:
2014లో ఫీనిక్స్ మెర్క్యురీ జట్టును విజేతగా నిలిపిన డయానా టరాసి, ఆ మరుసటి ఏడాదే డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగు) సీజన్ మొత్తానికీ దూరంగా ఉన్నారు. గాయమేదీ లేనప్పుడు అలా ఎందుకు చేశారో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

సమాధానం 1:
కారణం డబ్బు, అలసట, రెండూనండి. డబ్ల్యూఎన్‌బీఏ వేసవిలో, యూరప్ లీగులు శరదృతువు నుంచి వసంతం దాకా జరుగుతాయి కనుక, రెండుచోట్లా ఆడే క్రీడాకారిణికి ఏడాది పొడవునా విశ్రాంతి దొరకదు. అమెరికాలో అప్పటి గరిష్ఠ వేతనం సుమారు 1,07,000 డాలర్లు కాగా, రష్యాలోని యూఎమ్ఎమ్‌సీ ఎకాటెరిన్‌బర్గ్ ఆమెకు దాదాపు 15 లక్షల డాలర్లు చెల్లించేదని వార్తలు వచ్చాయి. ఆ క్లబ్బే, వేసవిలో ఆడకుండా విశ్రాంతి తీసుకుంటే అమెరికా వేతనం కంటే ఎక్కువే ఇస్తామని ముందుకొచ్చింది.

సమాధానం 2:
అప్పట్లో ఆమెను తప్పుపట్టినవారూ ఉన్నారు. నాకైతే తక్కువ వేతనం ఇచ్చిన లీగుదే తప్పు అనిపిస్తుంది. తర్వాత లీగుకూ క్రీడాకారిణులకూ మధ్య కుదిరిన 2020 ఒప్పందంలో గరిష్ఠ వేతనం 2,15,000 డాలర్లకు పెరిగింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఆ విశ్రాంతి ఆమె కెరీర్‌కు మేలు చేసిందా?

సమాధానం 1:
అదొక్కటే కారణమని చెప్పలేం కానీ, 2016లో తిరిగి వచ్చిన ఆమె, 2023లో డబ్ల్యూఎన్‌బీఏలో 10,000 పాయింట్లు సాధించిన మొదటి క్రీడాకారిణి అయ్యారు. 2024 పారిస్‌లో ఆరో ఒలింపిక్ స్వర్ణం గెలిచి, 2025లో ఆటకు వీడ్కోలు పలికారు.