కోచ్ పిల్లల మీద అరవడం ఎంతవరకు ఓకే?

ప్రశ్న:
మా బాబుకి పదకొండేళ్లు, ఫుట్‌బాల్ ఆడతాడు. కోచ్‌కి ఆట బాగా తెలుసు, కాదనను, కానీ పాస్ మిస్సయితే అందరి ముందూ "నువ్వెందుకు పనికొస్తావురా" అంటాడు, ఓడిపోతే ఎండలో గ్రౌండ్ చుట్టూ పరిగెత్తిస్తాడు. అడిగితే క్రమశిక్షణ అంటున్నాడు. ఇది మామూలేనా?

జవాబు 1:
అరవడం వేరు, అవమానించడం వేరండీ. "ఎడమవైపు చూడు" అని ఎంత గట్టిగా అరిచినా అది కోచింగే. పరుగుని శిక్షగా వాడితే పిల్లలకి పరుగంటేనే విరక్తి, పైగా వడదెబ్బ రిస్కు. మధ్యలో నీళ్లు తాగనిస్తున్నాడా? ముందు అది కనుక్కోండి.

జవాబు 2:
నేనూ పిల్లల కోచ్‌నే. పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెట్టను, ఏదైనా పేరెంట్స్ గ్రూప్‌లోనే. తలకి దెబ్బ తగిలి కన్‌కషన్ (మెదడు అదిరి దాని పనితీరు దెబ్బతినడం) అనుమానం వస్తే ఆ రోజుకి ఆట బంద్, ఫైనలైనా సరే, మళ్లీ డాక్టర్ ఓకే అన్నాకే. దీనికి ఎక్కువ గొడవ పడేది పేరెంట్సే, అదో విచిత్రం!

జవాబు 3:
మ్యాచ్ అవగానే అడగొద్దు, అందరూ వేడి మీద ఉంటారు. మర్నాడు విడిగా మాట్లాడండి, మారకపోతే ఏ రోజు ఏమన్నాడో తేదీలతో క్లబ్‌కి రాసివ్వండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 19వ ఆర్టికల్ మానసిక హింసని కూడా హింసగానే చూస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
బాబుని అడిగాను, పరుగు పూర్తయ్యాకే నీళ్లట. రేపే మాట్లాడతాను.