అమెరికా ఇల్లినాయ్‌లో పాత రైల్వే ఊళ్లు: ఇల్లు కొనొచ్చా?

కృష్ణాతీరం: ఛాంపెయిన్‌కి ఉత్తరాన లెవరెట్ వైపు పాత ఇల్లు ఒకటి చూశాం. ధర బాగానే ఉంది. కానీ ఆ ఊరికి మేయరూ లేడు, కౌన్సిలూ లేదట. రోడ్డు పాడైతే ఎవర్ని అడగాలి?

మొక్కజొన్నబావ: అది అన్‌ఇన్‌కార్పొరేటెడ్, అంటే సొంత మున్సిపాలిటీ లేని ఊరు. మ్యాపులో పేరుంటుంది, లెక్కల్లో ఊరు కాదు. రోడ్లు, మంచు తీయడం టౌన్‌షిప్ (కౌంటీలో ఓ భాగం) హైవే కమిషనర్ పని. పోలీసు కావాలంటే కౌంటీ షెరీఫే. సెప్టిక్ ట్యాంకు, బోరు ఉంటే కొనేముందే రెండూ పరీక్ష చేయించు. నీళ్లలో నైట్రేట్ తప్పకుండా చూడు. చుట్టూ పొలాలే, వేసిన ఎరువు ఎక్కడికి పోతుంది మరి!

పట్టాలపిచ్చోడు: ఈ ఊళ్లు పుట్టిందే రైలు కోసం. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే కంపెనీకి 1851లో చార్టర్, అంటే ప్రభుత్వ అనుమతి పత్రం, వచ్చింది, 1856కల్లా 705 మైళ్ల లైను పూర్తయింది. ఫెడరల్ గ్రాంటుగా వచ్చిన దాదాపు 26 లక్షల ఎకరాలే పెట్టుబడి. ఆవిరి ఇంజనుకి నీళ్లు కావాలి, రైతేమో గుర్రబ్బండిలో ధాన్యం దించి పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి. అందుకే కొన్ని మైళ్లకో స్టేషన్. టస్కోలా లాంటివి పెరిగాయి, దాని పక్కనే ఉన్న హేస్ అలాగే ఉండిపోయింది. అసలు ఛాంపెయిన్ కథా ఇదే! పట్టాలు పాత ఊరు అర్బానాకి రెండు మైళ్లు పడమరగా పోయాయి, అక్కడ ‘వెస్ట్ అర్బానా’ లేచింది. 1860లో ఛాంపెయిన్ అయింది.

స్వాతి: చరిత్ర సరే, హారన్ సంగతి ఎవరూ చెప్పరేం? ప్రతి క్రాసింగ్ దగ్గరా రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు. అర్ధరాత్రయినా అంతే. పైగా కోతలప్పుడు ఎలివేటర్ (ధాన్యం నిల్వచేసే గోదాం) డ్రయ్యర్ ఫ్యాన్లు రాత్రంతా హోరుమంటాయి. మొక్కజొన్న గింజల మీది ఎర్రటి పొట్టు ఎగిరొచ్చి కారద్దాల మీదా, కిటికీ జాలీల్లోనూ పేరుకుపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఆలోచించుకోండి.

బిట్రగుంటోడు: మాకు హారన్ లేకపోతేనే నిద్ర పట్టదక్కా! మా బిట్రగుంటలో స్టీమ్ ఇంజన్లు పోయాక లోకో షెడ్ మూతపడింది, రైల్వే కాలనీ కళ తప్పింది. అయినా స్టేషన్ మిగిలింది. లెవరెట్‌లో అదీ లేదు, ఆమ్‌ట్రాక్ ప్యాసింజర్ రైలు ఇంటి ముందు నుంచే పోతున్నా ఎక్కాలంటే ఛాంపెయిన్‌కో, ఉత్తరాన ఉన్న రాంటూల్‌కో వెళ్లాల్సిందే.

కృష్ణాతీరం: పన్నేమైనా తగ్గుతుందా?

మొక్కజొన్నబావ: సిటీ పన్ను ఉండదు. స్కూల్, ఫైర్ డిస్ట్రిక్ట్, టౌన్‌షిప్, కౌంటీ అన్నీ ఉంటాయి. పాత బిల్లు అడిగి తీసుకో. ఇల్లు చూడ్డానికి మాత్రం ఓసారి రాత్రిపూట వెళ్లు.