నీళ్లు నిండుకున్నాయంటే ఉన్నట్టా, లేనట్టా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. బెంగళూరులో నా రూమ్మేట్‌ది గుంటూరు. వాటర్ కూలింగ్ కంప్యూటర్ (లోపల పంపుతో నీళ్లు తిప్పి చల్లబరిచేది) ఒకటి సొంతంగా బిగించుకున్నాడు. ఊరెళ్తూ నాకు అప్పజెప్పి, "రిజర్వాయర్‌లో నీళ్లు నిండుకుంటే పంపు ఆన్ చెయ్యకు అన్నా" అని మెసేజ్ పెట్టాడు. రిజర్వాయర్ అంటే అందులో నీళ్లుండే చిన్న తొట్టి. నిండాకే కదా పంపు తిరగాల్సింది? నేను ఇక్కడే పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఎవరైనా కాస్త విడమర్చి చెప్పండి.

– తమ్ముడూ, ముందు ఆ పంపు జోలికి వెళ్లకు! నిండుకోవడం అంటే అయిపోవడం. బియ్యం, ఉప్పు, నూనె "లేవు" అనడం అశుభమని ఇళ్లల్లో "బియ్యం నిండుకున్నాయి" అంటారు. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అంటారే, అలాగే. గుర్తు తేలికే: పాత్ర నిండుతుంది, పాత్రలో సరుకు నిండుకుంటుంది. డబ్బా నిండిందంటే మూతదాకా ఉంది. డబ్బాలో పప్పు నిండుకుందంటే కొట్టుకు పరిగెత్తాలి. మీవాడు రాసింది చక్కటి తెలుగే. కాకపోతే మిషన్ల సంగతి రాసేటప్పుడు ఇంత మర్యాద పనికిరాదు.

– మేడమ్ గారు చెప్పింది నిజం. నన్నడిగితే అతను "అయిపోతే" అని కూడా కాదు, "తగ్గితే" అని రాయాల్సింది. ఆ పంపు బేరింగుకు జారుడూ, చల్లదనమూ ఆ నీళ్లే. గాలి మింగుతూ తిరిగితే పాడైపోతుంది. అందుకని మట్టం పంపు నోటిదాకా దిగకముందే పొయ్యాలి. మూత బిగించి ఉన్నా మెత్తటి ట్యూబుల గోడల్లోంచి నెలల తరబడి కొద్దికొద్దిగా నీరు పోతూనే ఉంటుంది. కొత్తగా నింపినప్పుడైతే రేడియేటర్‌లో ఇరుక్కున్న గాలి బుడగలు బయటికొచ్చేకొద్దీ మట్టం దిగుతుంది. అది లీకు కాదు, టెన్షన్ పడక్కర్లేదు. ఇలాంటి తగ్గుదలకు మనకు "వెలితి" ఉంది కదా. "రెండు వేళ్ల వెలితి ఉంది, పొయ్యి" అంటే చాలు.

– మరి కథల్లో "మనసులో ఆనందం నిండుకుంది" అని రాస్తున్నారే?

– రాస్తున్నారు. చదివినప్పుడల్లా, పాపం, ఉన్న ఆనందం కాస్తా అయిపోయిందా అనిపిస్తుంది నాకు. వాడుక అటే పోతోంది మరి, ఈ అబ్బాయి తికమకపడ్డాడంటే పడడూ?

– అందరికీ థాంక్స్. ఇప్పుడే చూశాను, మూడు వేళ్ల వెలితి. ఆర్వో నీళ్లు పొయ్యొచ్చా?

– వద్దు బాబూ, ఆర్వోలోనూ లవణాలు కొంత మిగులుతాయి. బోరు నీళ్లు అసలే వద్దు, సున్నం పొర కట్టి సన్నటి సందులు పూడుకుపోతాయి. లోపలున్నది రంగు కూలెంటయితే అతను వాడిన సీసాలోదే పొయ్యి. వేరే రకం కలిస్తే గడ్డలు కట్టొచ్చు. ఒట్టి నీళ్లయితే డిస్టిల్డ్ వాటర్, అదే మన పాఠ్యపుస్తకాల స్వేదనజలం. కరెంటు ప్లగ్ పీకేసి, గరాటు పెట్టి, కింద టిష్యూ పేపర్ పరిచి నెమ్మదిగా పొయ్యి. డిస్టిల్డ్ వాటర్ కోసం కంప్యూటర్ సామాన్లమ్మే ఎస్పీ రోడ్డుదాకా పోనక్కర్లేదు, ఇన్వర్టర్ బ్యాటరీల కొట్లో దొరుకుతుంది. లేబుల్ చదివి మరీ తెచ్చుకో, అక్కడ యాసిడ్ కూడా అమ్ముతారు.