ట్రీట్‌మెంట్ అయిపోయింది, కానీ ఇప్పుడే ఎక్కువ భయమేస్తోంది

రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ కూడా అయిపోయింది. ఇంట్లో అందరూ తగ్గిపోయిందిగా ఇంకేంటి అంటున్నారు, నాకేమో కీమో అప్పటికన్నా ఇప్పుడే భయంగా ఉంది, కాస్త నడుం నొప్పొచ్చినా మళ్లీ అదేనేమో అనిపిస్తోంది. పైగా అది మళ్లీ రాకుండా ఇచ్చిన హార్మోన్ మాత్ర, లెట్రోజోల్ వేసుకుంటున్నా, పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి జాకెట్ హుక్కులు కూడా పెట్టుకోలేకపోతున్నా. మీకూ ఇంతేనా?

జవాబు 1: సేమ్ అక్కా. ఆ మాత్రతో కీళ్లనొప్పులు చాలామందికి వస్తాయి, మీ అంతట మీరు మాత్రం ఆపెయ్యకండి, డాక్టర్‌కి చెప్తే మందు మార్చే వీలుంది, నాకలాగే మార్చారు. ఎముకలు కూడా పల్చబడొచ్చు, ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ గురించి అడగండి. రోజూ నడుస్తుంటే నాకు కొంచెం నయం.

జవాబు 2: చంకలో లింఫ్ నోడ్స్ (చిన్న గ్రంథులు) తీశారా? తీస్తే ఆ చెయ్యి జాగ్రత్తండీ, వాపు ఏళ్ల తర్వాత కూడా రావొచ్చు. మా అమ్మకి ఎప్పుడూ వేసుకునే గాజులు ఎక్కకపోతే తెలిసింది. వెంటనే చూపిస్తే ఫిజియోథెరపీతో, చేతికి బిగుతుగా తొడిగే స్లీవ్‌తో కంట్రోల్‌లో ఉంటుంది.

జవాబు 3: భయం నాకింకా ఉంది, చెకప్ దగ్గరపడితే నిద్రుండదు. నొప్పి రెండు మూడు వారాలైనా వదలకపోతే రమ్మన్నారు మా డాక్టర్, ఆ లెక్క దొరికాక కాస్త నెమ్మదించా. పలకరించడానికొచ్చి ఎవరో పోయిన కథలు చెప్పే చుట్టాల్ని మాత్రం గుమ్మంలోనే ఆపెయ్యండి 😀

ప్రశ్న అడిగినావిడ: నోడ్స్ తీశారండీ, గాజుల సంగతి నాకెవరూ చెప్పలేదు. మొదటి జవాబిచ్చిన చెల్లీ, నీకు ఏ మందుకి మార్చారు?

జవాబు 1: ఎక్సిమెస్టేన్ అక్కా.